పాఠకుల ప్రశ్నలు: ఫోన్ గడియారం తప్పు చూపిస్తుంటే

ప్రశ్న: విదేశ ప్రయాణం ముగించుకుని వచ్చాక నా ఫోన్ సరిగ్గా రెండు గంటలు వెనకబడి సమయం చూపించింది. ఆటోమేటిక్ సెట్టింగ్ తీసేసి, చేత్తో రెండు గంటలు ముందుకు జరిపాను. గడియారం సరిపోయింది గానీ, ఇప్పుడే వచ్చిన వాట్సాప్ సందేశాలు రెండు గంటల కిందట వచ్చినట్టు కనిపిస్తున్నాయి. లాగిన్ కోసం ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడ్లు కూడా చెల్లడం లేదు. ఎందుకిలా జరుగుతోంది?

జవాబు: మీ ఫోన్‌లో మొదట తప్పుగా ఉన్నది గడియారం కాదు, టైమ్ జోన్, అంటే ఏ ప్రాంతపు సమయం చూపించాలో ఫోన్‌కు చెప్పే సెట్టింగ్. తప్పు ఒకచోట ఉంటే మరోచోట సరిదిద్దడం వల్ల ఈ కొత్త ఇబ్బందులు వచ్చాయి. ఫోన్ తన లోపల ప్రపంచమంతటికీ ఒక్కటే అయిన యూటీసీ సమయాన్ని, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్కగా ఉంచుకుంటుంది. ఆ లెక్కకు మీరున్న ప్రాంతపు తేడాను కలిపి లేదా తీసివేసి తెరమీద చూపిస్తుంది. టైమ్ జోన్ పాత దేశానిదే ఉండిపోయినప్పుడు మీరు గంటలు జరిపితే, తెరమీది అంకెలు సరిపోతాయి కానీ, అప్పటిదాకా సరిగ్గా ఉన్న లోపలి లెక్క రెండు గంటలు ముందుకు వెళ్లిపోతుంది. వాట్సాప్ సందేశాల సమయం సర్వర్ నుంచి సరైన యూటీసీగానే వస్తుంది. దాన్ని మీ ఫోన్ పాత జోన్‌లోకి మార్చి చూపిస్తున్నందువల్ల అవి వెనకబడినట్టు కనిపిస్తున్నాయి. ఆథెంటికేటర్ కోడ్ సాధారణంగా 30 సెకన్లకొకసారి మారుతుంది. అది ఫోన్ లోపలి లెక్క నుంచే పుడుతుంది కాబట్టి, రెండు గంటల తేడా ఉన్న ఫోన్ ఇచ్చే కోడ్‌ను అవతలి సర్వర్ ఒప్పుకోదు.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి నిమిషాల అంకెను చూడండి. నిమిషాలు సరిగ్గా ఉండి గంట మాత్రమే తప్పితే, లేదా తేడా కచ్చితంగా అరగంటో ముప్పావుగంటో అయితే, అది దాదాపు ఎప్పుడూ జోన్ తప్పే. (ముప్పావుగంట అని ఊరికే అనలేదు, నేపాల్ సమయం యూటీసీకి 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది.) తేడా నాలుగు నిమిషాలో పదకొండు నిమిషాలో ఉంటే మాత్రం గడియారాన్నే అనుమానించాలి. ఫోన్ గడియారాన్ని నడిపే క్వార్ట్‌జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అది రోజుకు ఒకటి రెండు సెకన్లు తప్పడం సహజమే కనుక, చాలా కాలం నెట్‌వర్క్ అందని ఫోన్‌లో ఆ తేడా పేరుకుపోతుంది.

ఇప్పుడు చేయవలసింది ఇది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోని సిస్టమ్ విభాగంలో (శాంసంగ్ ఫోన్లలో జనరల్ మేనేజ్‌మెంట్‌లో), ఐఫోన్‌లో జనరల్ విభాగంలో డేట్ అండ్ టైమ్ ఉంటుంది. అక్కడ ముందుగా టైమ్ జోన్‌ను సరిచేసి, ఆ తర్వాతే సమయం ఆటోమేటిక్‌గా తీసుకునే స్విచ్‌ను ఆన్ చేయండి. ఐఫోన్‌లో రెండింటికీ ఒకే స్విచ్ ఉంటుంది. ఆన్ చేశాక కూడా జోన్ మారకపోతే, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోని లొకేషన్ సర్వీసెస్‌లో, సిస్టమ్ సర్వీసెస్ కింద 'సెట్టింగ్ టైమ్ జోన్' అనే పేరుతో ఉండే స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆటోమేటిక్ స్విచ్ మసకబారి కదలకుండా ఉంటే, ఫోన్ వాడకాన్ని పరిమితం చేసే స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ గానీ ఆఫీసువారు పెట్టిన నియంత్రణ గానీ కారణం కావచ్చు. సరిహద్దు ప్రాంతాల్లో పక్క దేశపు టవర్ సంకేతం అందుకుని ఫోన్ జోన్ మార్చేసుకోవడం కూడా జరుగుతుంది. అలాంటిచోట ఆటోమేటిక్ జోన్ ఆపి, నగరం పేరు చూసి మీరే ఎంచుకోవడం మంచిది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. జోన్ తప్పుగా ఉన్న రోజుల్లో క్యాలెండర్‌లో రాసుకున్న పనులు, జోన్ సరిచేయగానే రెండు గంటలు జరిగి కనిపిస్తాయి. ఉదయం పదికి అని రాసుకున్నది పన్నెండుకు చేరుతుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ప్రయాణాల వంటివి ఆ రోజే ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: చాలాకాలం పక్కన పెట్టేసిన ఫోన్‌ను ఛార్జ్ చేసి తెరిస్తే ఎన్నో ఏళ్ల కిందటి తేదీ చూపిస్తోంది. సిమ్ లేదు. వైఫై కలిపినా ఏ వెబ్‌సైటూ తెరుచుకోక, కనెక్షన్ సురక్షితం కాదంటోంది.

జవాబు: ప్రతి సురక్షిత వెబ్‌సైట్‌కూ ఉండే సర్టిఫికెట్‌మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందన్న గడువు ఉంటుంది. మీ ఫోన్ లెక్క ప్రకారం ఆ గడువు ఇంకా మొదలే కాలేదు, అందుకే తిరస్కరిస్తోంది. అది మీ భద్రత కోసమే, కాబట్టి హెచ్చరికను దాటి ముందుకు వెళ్లే దారి వెతకవద్దు. ముందు టైమ్ జోన్ ఎంచుకుని, నేటి తేదీనీ సమయాన్నీ చేత్తో పెట్టండి, కొన్ని నిమిషాలు అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఆపై ఆటోమేటిక్ స్విచ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్ నుంచి మిగిలిన తేడాను ఫోన్ తానే సవరించుకుంటుంది. పాత ఐఫోన్ అయితే, సరదాకైనా తేదీని 1970 జనవరి 1కి తీసుకుపోవద్దు. 2016లో బయటపడిన ఒక లోపం వల్ల అలా చేసిన ఐఫోన్లు తిరిగి ఆన్ కాకుండా ఆగిపోయాయి. ఐఓఎస్ 9.3తో ఆ లోపం తొలగింది.

ప్రశ్న: నగరం సరైనదే, ఆటోమేటిక్ ఆన్‌లోనే ఉంది. అయినా ఏడాదిలో కొన్ని నెలలు మా పాత ఫోన్ గంట ముందుంటోంది.

జవాబు: వేసవి నెలల్లో గడియారాన్ని గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ పద్ధతిని మీ దేశం మానేసిందేమో చూడండి. మెక్సికోలో ఎక్కువ భాగం 2022లో మానేసింది. ఏ ప్రాంతంలో గంట ఎప్పుడు మారుతుందో చెప్పే పట్టిక ఫోన్‌లోనే ఉంటుంది, అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో అది పాత నియమం ప్రకారమే నడుస్తుంది. సిస్టమ్ అప్‌డేట్‌తో పాటు, ఆండ్రాయిడ్ 10 లేదా ఆ తర్వాతి ఫోన్ అయితే గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ కూడా ప్రయత్నించండి. ఏదీ దొరకకపోతే, ఆటోమేటిక్ జోన్ ఆపి, యూటీసీకి మీ ప్రాంతమంత తేడాతోనే ఉండి ఎప్పుడూ గంట మార్చని వేరే నగరాన్ని ఎంచుకోండి. రెండు స్విచ్‌లు వేరుగా ఉండే ఆండ్రాయిడ్‌లో సమయపు ఆటోమేటిక్ స్విచ్‌ను మాత్రం ఆన్‌లోనే ఉంచండి.