యూనివర్సిటీ లైబ్రరీలో సైన్స్ ముచ్చట్లు పెడితే బయటి జనం వస్తారా? మా అనుభవం

మీరు అడిగింది ఇదీ: యూనివర్సిటీ లైబ్రరీలో నెలకోసారి ఊళ్లో వాళ్లని కూడా పిలిచి సైన్స్ మీద సరదాగా మాట్లాడుకునే కార్యక్రమం పెట్టాలనుకుంటున్నారు, జనం వస్తారా, ఎలా నడపాలి అని. వస్తారండీ. కాకపోతే మొదటి నెల ఎవరూ రారు, రెండో నెల సర్టిఫికెట్ ఇస్తారేమో అని వస్తారు, మూడో నెల నుంచి అసలు కథ మొదలవుతుంది.

నేను అప్పట్లో తెలంగాణలో ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్‌ని. పేరు చెప్పను, ఎందుకో చదువుతుంటే మీకే అర్థమవుతుంది. స్కాలర్లం నలుగురం, అసిస్టెంట్ లైబ్రేరియన్ మేడం ఒకరు కలిసి 2019 జులై నుంచి 2020 ఫిబ్రవరి దాకా ఎనిమిది సార్లు పెట్టాం, మార్చిలో కరోనా వచ్చి ఆగిపోయింది. ఐడియా మాది కాదు. ఇంగ్లండ్‌లో లీడ్స్ అనే ఊళ్లో డంకన్ డల్లాస్ అని టీవీకి సైన్స్ కార్యక్రమాలు తీసే ఆయన 1998లో 'కెఫే సైంటిఫిక్' అని మొదలుపెట్టాడు. ఆయనా పారిస్‌ని చూసే నేర్చుకున్నాడు, అక్కడ 1992 నుంచి మార్క్ సొటే అనే ఫిలాసఫీ ఆయన కెఫేలో జనాన్ని కూర్చోబెట్టి తత్వశాస్త్రం మాట్లాడించేవాడు. లీడ్స్ పద్ధతి చాలా సులువు. వచ్చిన సైంటిస్టు స్లైడ్లు లేకుండా ఇరవై నిమిషాలు మాట్లాడాలి, తర్వాత గ్లాసులు నింపుకోవడానికి కాస్త విరామం, ఆ తర్వాత గంటసేపు జనం అడగడమే.

చదివినప్పుడు బానే ఉంది గానీ మన దగ్గర ఏది పెట్టినా చివరికి సభ అయిపోతుంది కదా. మా మొదటి కార్యక్రమం సెమినార్ హాల్లో. ఫ్లెక్సీ, వేదిక మీద ఆరు కుర్చీలు, జ్యోతి ప్రజ్వలన, ముగ్గురికి శాలువాలు, ఒకాయన ముఖ్య అతిథి అని నలభై నిమిషాలు తన సొంత కాలేజీ రోజులు చెప్పారు. అసలు మాట్లాడాల్సిన సార్‌కి మిగిలింది పన్నెండు నిమిషాలు. చివర్లో "ఎనీ కొశ్చన్స్?" అంటే హాలంతా నిశ్శబ్దం, వందన సమర్పణ, అందరూ బస్సులకి పరుగు. కాబట్టి మొదటి సలహా ఇదే: సెమినార్ హాలు అడగొద్దు. అడిగితే వేదిక ఉంటుంది, వేదిక ఉంటే శాలువా వస్తుంది.

మూడో నెల మేడం చొరవతో పాత జర్నల్స్ ర్యాకుల పక్కనున్న ఖాళీ జాగాలోకి మారాం. కుర్చీలు గుండ్రంగా వేశాం, మైకు లేదు, క్యాంటీన్ నుంచి రెండు ఫ్లాస్కుల చాయ్. బయటివాళ్లకి గేటు దగ్గర ఐడీ కార్డు గొడవ వచ్చింది, పేరూ ఊరూ రాసే రిజిస్టర్ ఒకటి పెట్టి సెక్యూరిటీ అన్నకి ముందే చెప్పి ఉంచితే తీరిపోయింది. అసలు చాయ్ విరామం ఎందుకో నాకు అక్కడే అర్థమైంది. మనవాళ్లు నలుగురి ముందు లేచి నిలబడి ప్రశ్న అడగరు, తప్పు అడుగుతానేమో అని టెన్షన్. కానీ చేతిలో గ్లాసు ఉంటే పక్కవాడితో "అదెట్లా కుదురుతది?" అని కచ్చితంగా అంటారు. మేం నలుగురం చాయ్ పోస్తున్నట్టు తిరుగుతూ ఆ మాటలు పట్టుకుని, "ఇదే అడగండి, నేను పక్కనే ఉంటా" అనేవాళ్లం. విరామం తీసేసి నేరుగా ప్రశ్నల్లోకి పోదామని ఒకసారి చూశాం, మళ్లీ అదే నిశ్శబ్దం.

ఇంకో సంగతి, మీ లైబ్రరీలో కూడా గ్రూప్స్‌కీ ఎస్సైకీ చదివేవాళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుని ఉంటారు కదా, మా గోలకి మొదట వాళ్లే ఫిర్యాదు చేశారు. న్యాయమే. "జనరల్ స్టడీస్‌లో సైన్స్ కూడా ఉంది కదన్నా, ఒక్కసారి వచ్చి కూర్చో" అన్నాం. తర్వాత మాకు గట్టిగా అడిగేవాళ్లంతా వాళ్లలోంచే వచ్చారు.

బాగా పేలిన వాటిలో ఒకటి నీళ్ల గురించి. దగ్గరి ఊళ్లో వాటర్ ప్లాంట్ నడిపే ఒకాయన జేబులోంచి టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో అంకెలో చూపించేది) తీసి, మా నీళ్లు చూడండి, అరవయ్యే అని చూపించాడు. మా సార్ మెల్లగా చెప్పారు, ఆ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో, అంతే, అందులో ఉన్నది ఏ లవణమో దానికి తెలియదు అని. ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఫరవాలేదని మన ప్రమాణాలు చెబుతాయి. బోరు నీళ్లలో మూడు మిల్లీగ్రాములున్నా ఆ మీటర్ అంకెలో తేడా కనపడదు. ఒక పెద్దాయన మరగబెడితే పోతుందా అన్నారు. పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తీసే పద్ధతికి నల్గొండ పేరే ఉందని, దాన్ని తయారుచేసింది నీరి అనే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ అని చెప్తే సగం మందికి అది కొత్త విషయం. ఆర్వో అయితే ఫ్లోరైడ్‌ని బాగానే తీసేస్తుంది అనగానే ప్లాంటాయన మొహం వెలిగింది గానీ, ఆ పెద్దాయన ఊరుకోలేదు, "మరి తీసేసింది ఎటు పోతున్నది? మోరీలకే కదా?" అన్నారు. ఇంక గంటన్నర ఆగలేదు.

వారం తర్వాత ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, ఇకపై అంశం రెండు వారాల ముందు రాసిచ్చి అనుమతి తీసుకోవాలని. ఎవరు ఫిర్యాదు చేశారో మీరే ఊహించుకోండి. మీరు మాత్రం మొదటి రోజే ఆరు నెలల అంశాలు ఒకే కాగితం మీద, పేర్లు కాస్త చప్పగా పెట్టి ("నీరు, ఆరోగ్యం" లాగా) సంతకం చేయించుకోండి.

ఖర్చు పెద్ద విషయం కాదు, నలభై మందికి చాయ్, బిస్కెట్లు, అంతే. ముహూర్తాలున్న రోజు పెట్టొద్దు. మాట్లాడే సార్‌ని ముందురోజు క్యాంటీన్‌కి తీసుకెళ్లి మొత్తం తెలుగులో చెప్పించుకోండి, అక్కడ తడబడితే మర్నాడు ఇంగ్లీషులోకి జారిపోతారు.

నాకు బాగా నచ్చింది డిసెంబర్ 21ది. 26న సూర్యగ్రహణం, గ్రహణం పట్టినప్పుడు పళ్లెంలో రోకలి నిలబడుతుందని తెలుసు కదా, అదే అంశం. లైబ్రరీ ఊడ్చే అక్క ఇంటి నుంచి రోకలి, ఇత్తడి తాంబాళం తెచ్చింది. గ్రహణం లేని శనివారం సాయంత్రం ఫిజిక్స్ సార్ రెండు ప్రయత్నాలు చేసి మూడోసారి నిలబెట్టేశారు. రోకలి కింద తొడిగే ఇనప పొన్ను చదునుగా ఉంటుంది, బరువంతా ఆ పొన్ను మీదికే దిగితే ఏ రోజైనా నిలబడుతుంది అన్నారు. సూర్యచంద్రులు ప్రతి అమావాస్యకీ ఒకే వైపు ఉంటారు, వాళ్ల లాగుడే కారణమైతే నెలనెలా ఇంట్లో రోకళ్లన్నీ లేచి నిలబడాలి కదా అని కూడా. "మరి మా అత్త గ్రహణం నాడే ఎందుకు నిలబెట్టేది సార్?" అంది అక్క. మిగతా రోజుల్లో ఎవరు ప్రయత్నిస్తారక్కా అని వెనక నుంచి గ్రూప్స్ తమ్ముడు. నవ్వులు. అక్క నవ్వలేదు, గ్రహణం విడిచినప్పుడు అదే పడిపోతుందని అత్త చెప్పేది అంది, దానికి సార్ సమాధానం ఆమెకి ఆనలేదు.

గ్రహణం మర్నాడు శుక్రవారం నేను గేటు దాటకముందే పిలిచింది. ఎనిమిదింటికి పట్టగానే ఇంట్లో నిలబెట్టిందట, పదకొండు దాటాక విడిచింది, రోకలి అలాగే ఉంది, మధ్యాహ్నం అన్నాలయ్యాయి, అలాగే ఉంది. సాయంత్రం మనవడు బంతి తన్నితే పడిందట.