సంఘం స్థాపించాలన్న భారం ఉంది, వేరే సంస్కృతివాళ్ల మధ్య సేవకు రమ్మంటున్నారు: వెళ్లాలా, ఆగాలా?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కొత్తగా ఒక సంఘం స్థాపించాలన్న భారం, అంటే దేవుడు పెట్టిన తపన, మీకు చాలాకాలంగా ఉంది. ఇంతలో మీ భాష కాని, మీ అలవాట్లు కాని ఒక సంఘంవాళ్లు సహాయ సేవకుడిగా రమ్మన్నారు. వెళ్తే అసలు దర్శనం అటకెక్కుతుందేమో, వెళ్లకపోతే దేవుడు తెరిచిన తలుపు మనమే మూసినట్టవుతుందేమో అని టెన్షన్ పడుతున్నారు.

నేను అలాంటి పిలుపుకే సరేనని వెళ్లాను. కొన్నేళ్లు వేరే భాషవాళ్ల మధ్య, వేరే పాస్టర్ గారి కింద పనిచేశాక సంఘ స్థాపనలోకి వచ్చాను. కాబట్టి నా సలహా ఒకవైపుకే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నా: వెళ్లండి. కాకపోతే 'ఈలోగా ఊరికే కూర్చోవడం ఎందుకు' అన్న మనసుతో వెళ్లకండి. మీకున్నది సంఘ స్థాపన పిలుపేనా, కాదా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

మిషనరీ కూడికల్లో అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం తెగ చదువుతాం గానీ, 11వ అధ్యాయాన్ని గబగబా దాటేస్తాం. అంతియొకయలో సంఘాన్ని పౌలు మొదలుపెట్టలేదు. కుప్ర నుంచి, కురేనే నుంచి వచ్చిన, పేర్లు కూడా తెలియని కొంతమంది విశ్వాసులు అక్కడి గ్రీకువాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టారు, అలా అక్కడ సంఘం పుట్టింది. తర్వాత బర్నబా తార్సుకు వెళ్లి సౌలును, అంటే పౌలునే, వెతికి తీసుకొచ్చాడు. ఇద్దరూ ఏడాదిపాటు అక్కడే ఉండి బోధించారు. అప్పటికే సౌలుకు పిలుపుంది. అన్యజనుల దగ్గరికి నిన్ను పంపుతానన్న మాట ఆయన దమస్కు రోజుల నుంచీ మోస్తున్నదే. అయినా వేరేవాళ్లు మొదలుపెట్టిన సంఘంలో, రకరకాల మనుషుల మధ్య, బర్నబా వెనక నిలబడ్డాడు. 13వ అధ్యాయం మొదట్లో ఉన్న పేర్లు చూడండి: బర్నబా, నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, హేరోదుతోపాటు పెరిగిన మనయేను, ఆఖరున సౌలు. ఐదుగురిలో ఐదో పేరు. వీళ్లంతా కలిసి ఉపవాసంతో సేవిస్తుండగా, ఆ ఇద్దరినీ ప్రత్యేకించమని పరిశుద్ధాత్మ చెప్పాడు. సౌలు సొంత పిలుపు ఆ నలుగురి ముందు కూడా బయటపడింది. మీ విషయంలో ఆ నలుగురు ఎవరు? ఇప్పుడున్న చోట అలాంటివాళ్లు లేకపోతే, వెళ్లే చోటైనా ఉండాలి.

ఇక అక్కడ ఏం నేర్చుకుంటారో చెప్తాను, ఎందుకంటే దీన్నే మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. నేను పెరిగిన సంఘంలో కమిటీ మీటింగ్ అంటే అజెండా, కొంచెం వాదన, చేతులెత్తడం, అరగంటలో అయిపోయేది. నేను వెళ్లిన సంఘంలో ఒకసారి ఆరాధన సమయం మార్చాలా వద్దా అన్న మాటొచ్చింది. పెద్దల్లో ఒక్కరూ అవునన్లేదు, కాదన్లేదు. ఒకాయన వాళ్ల నాన్నగారి కాలంలో ఆరాధన ఎప్పుడు మొదలయ్యేదో చెప్పారు. ఇంకొకాయన చాలా దూరం నుంచి నడిచొచ్చే ఒక ముసలమ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పారు. ప్రార్థన చేసి లేచిపోయారు. నేను పక్కనున్న పాస్టర్ గారి మొహం చూశాను. ఆయన నింపాదిగా నోట్‌బుక్ మూసి, "వచ్చే కూడికకల్లా తేలిపోతుందిలే" అన్నారు. ఆ వారమంతా వాళ్లు ఒకరింటికొకరు వెళ్లారు, ఆడవాళ్లతో మాట్లాడారు, ఎవరికి ఇబ్బందో కనుక్కున్నారు. మళ్లీ కూర్చునేసరికి నిర్ణయం అయిపోయి ఉంది, కూడికలో దాన్ని చెప్పడమే మిగిలింది. ఓడిపోయినవాళ్లెవరూ లేరు.

ఈ పద్ధతి తెలియకుండా బయటినుంచి నేరుగా వచ్చి కొత్త సంఘం మొదలుపెట్టినవాడైతే ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకుని ముందుకెళ్లిపోతాడు, లేదా వ్యతిరేకత అనుకుని నొచ్చుకుంటాడు. రెండిట్లో ఏదైనా కొంప మునిగినట్టే. ఇలాంటివి ట్రైనింగ్ క్లాసులో చెప్తే రాసుకుంటాం, పరీక్షయ్యాక మర్చిపోతాం. ఒక సంఘంలో రెండో మనిషిగా ఉన్నప్పుడు మాత్రం తప్పించుకునే వీలు లేదు, కూర్చుని చూడాల్సిందే.

అలాగే ఒక ఇంట్లో మరణం జరిగింది. దారిలోనే పాస్టర్ గారు నాతో, "ఈరోజు నువ్వు వాక్యం చెప్పక్కర్లేదు, నేనూ చెప్పను" అన్నారు. వెళ్లి నేలమీద కూర్చున్నాం. వచ్చినవాళ్లు వస్తున్నారు, కూర్చుంటున్నారు. చాలాసేపటికి లోపలి గదిలోంచి ఎవరో ఒక పాట ఎత్తుకున్నారు, మెల్లగా అందరూ కలిశారు. అక్కడ ఓదార్పు అంటే అదే. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు నన్ను వాళ్ల పిల్లల చదువుల గురించి సలహా అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు నా ప్రసంగాలు ఎన్ని విన్నా, అడగలేదు.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు మాట్లాడింది దీని గురించే. మిషనరీలు బీదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులనివ్వండి అని అడిగారు. ఆ మాట అన్నాయన మాటలతో సరిపెట్టినవాడేం కాదు. ఆయన తమిళుడు. 1903లో తిరునల్వేలిలో మొదలైన భారతీయ మిషనరీ సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరు. తర్వాత తానే డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగువాళ్ల మధ్య జీవితం గడిపారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. విదేశీయుల నుంచి తాను ఆశించిన స్నేహాన్ని, వేరే భాష మాట్లాడే ప్రజలకు తానూ ఇవ్వాల్సి వచ్చింది. పక్క ప్రాంతానికి వెళ్లినా సంస్కృతి గీత దాటడమే. ఒకే దేశం కదా అని మనం ఆ సంగతి గుర్తించం.

మీ భారం ఎవరి పట్ల అన్నది కూడా తేల్చుకోండి. 1974లో స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్త మహాసభలో మిషనరీ పండితుడు రాల్ఫ్ వింటర్ సువార్త పనిని దూరాన్ని బట్టి విడదీసి చూపించాడు. ఆయన చెప్పిన దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు, సంస్కృతిలో కొలిచేది. మనలాంటివాళ్ల మధ్య చేసే పని ఒకటి. మనకు దగ్గరగా ఉన్న వేరే సంస్కృతిలో చేసేది ఇంకొకటి. పూర్తిగా దూరమైన సంస్కృతిలో చేసేది మూడోది. మీకు సంఘం స్థాపించాలని ఉందంటున్నారు, కానీ ఈ మూడిట్లో ఎక్కడ? మీ ప్రశ్నలో ఆ ముక్క లేదు. "ఎక్కడైనా సరే, దేవుడు నడిపిస్తే" అనే జవాబు వినడానికి బాగుంటుంది గానీ, దాంతో అద్దె ఇల్లు కూడా వెతకలేం. నా విషయంలో ఇది మారిపోయింది. నావాళ్ల మధ్యే సంఘం పెడతానని ఉండేది. ఆ సంఘంలో ఉన్నాక భారం వాళ్లవైపు తిరిగింది. చివరికి కొత్త సంఘం మొదలైనప్పుడు దాని పాస్టర్ ఆ భాషవాడైన ఒక యువకుడు. నేను అతని పక్కన ఉన్నాను.

దీన్నిబట్టి నేను నమ్మే విషయం ఒకటుంది, కొంతమందికి నచ్చదు. మనలో చాలామంది సంఘ స్థాపన పిలుపు అనుకునేది, నిజానికి సొంత ప్రసంగ వేదిక కావాలన్న కోరిక. పౌలు ఎఫెసులో రెండు మూడేళ్లు ఉన్నాడు, కొరింథులో ఏడాదిన్నర, ఇంకొన్ని ఊళ్లలో వారాలే. పెద్దలను ఏర్పరచి కదిలిపోయేవాడు, కొన్నిచోట్ల ఆ పని తన సహచరుడైన తీతుకు అప్పగించాడు. స్థాపకుడి పని వెళ్లిపోగలగడంతో కలిసే ఉంటుంది. బోర్డు మీద వేరేవాళ్ల పేరుంటే మీకు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. గుండెలో కలుక్కుమంటే అది పాపమని నేననను. కాపరి పిలుపు వేరు, స్థాపకుడి పిలుపు వేరు, రెండూ మంచివే. మీది ఏదో ముందే తెలిస్తే తర్వాత గొడవలుండవు.

వేరే సంస్కృతి సంఘంలో ఈ పరీక్ష దానంతటదే జరుగుతుంది. భాష సరిగ్గా రాదు, జోకులు పేలవు, అనువాదకుడు మీ పెద్ద వాక్యాన్ని నాలుగు మాటల్లో ముగిస్తాడు. అదే బాగుందని జనం తలూపుతారు. పేరు రాని చోట కూడా మీకు ఆ మనుషుల మీద ప్రేమ నిలబడిందంటే, మీతో ఉన్న పెద్దలు దాన్ని గమనిస్తారు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కూడా ఈ కోణంలో చదవండి. గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని సణుగు వచ్చింది. అప్పుడు ఎన్నుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే, వాళ్లలో నీకొలాసు అంతియొకయ నుంచి వచ్చి యూదుమతంలో చేరినవాడు. బాధ్యత సణిగినవాళ్ల చేతికే వెళ్లింది. మీరు వెళ్లే సంఘంలో వంటగదిలో, పాటల టీములో, డబ్బు లెక్కల దగ్గర ఎవరున్నారో చూడండి. రకరకాల ప్రజలు ఆరాధనకు వచ్చినంతమాత్రాన అది కలిసిన సంఘం అయిపోదు.

ఒకే భాషవాళ్లకు వేరే సంఘం ఉండాలా, అందరూ కలిసే ఉండాలా అన్న చర్చ పాతది. మనుషులు తమవాళ్లను విడిచి గోడలు దాటకుండానే విశ్వాసంలోకి రావడానికి ఇష్టపడతారని మిషనరీ డొనాల్డ్ మెక్‌గావ్రన్ అన్నాడు. అది పరిశీలనగా నిజమే. కానీ దాన్నే నియమం చేసుకుంటే ఎఫెసీ 2లో క్రీస్తు పడగొట్టాడన్న గోడను మనం మళ్లీ కట్టినట్టే. నా వరకు, ప్రార్థన సొంత భాషలో, ప్రభువు బల్ల అందరూ కలిసి.

డబ్బు సంగతి. రేపు సంఘం పెట్టేటప్పుడు జీతం, అద్దె అన్నీ బయటినుంచి వస్తే, ఆ సంఘం తమదని అక్కడివాళ్లు అనుకోరు. 19వ శతాబ్దంలోనే మిషన్ సంస్థల నాయకులు హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్, సంఘం తన్ను తానే పోషించుకోవాలి, నడుపుకోవాలి, విస్తరించుకోవాలి అన్నారు. 1890లో మిషనరీ జాన్ నీవియస్ కొరియా వెళ్లి అక్కడి మిషనరీలకు ఈ దారే చూపించాడు, ప్రెస్బిటేరియన్ మిషన్ దాన్ని పాటించింది. మీకు చేతిలో ఒక వృత్తి ఉంటే వదులుకోకండి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు.

మీ భార్యగారు ఏమంటున్నారో మీరు రాయలేదు. కొత్త భాషలో మీకు సేవ ఉంటుంది, కూడికలుంటాయి, పలకరించేవాళ్లుంటారు. ఆవిడకు మొదట్లో నాలుగు గోడలే మిగలొచ్చు. ఆవిడ మనస్ఫూర్తిగా సరే అనేదాకా ఆగండి, ప్రార్థనలో ఒప్పించే ప్రయత్నం చేయకండి.

తలుపులు మూసుకుపోవడం గురించి మీ భయానికి ఒక్క మాట. అపొస్తలుల కార్యములు 16లో ఆసియ అనే రోమా ప్రాంతంలో వాక్యం చెప్పకుండా ఆత్మ పౌలును ఆపాడు, బితూనియకూ వెళ్లనివ్వలేదు. త్రోయలో మాసిదోనియవాడి దర్శనం వచ్చింది. ఆ మాసిదోనియలోని ఫిలిప్పీలో మొదట నమ్మింది మాత్రం ఊదారంగు పొడి అమ్మే లూదియ. ఆమెది తుయతైర, అంటే పౌలును వెళ్లనివ్వని ఆసియ ప్రాంతమే. ఇప్పుడు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లినంతమాత్రాన మీవాళ్లు దేవుడి లెక్కలోంచి తప్పిపోరు.

ఎప్పుడు వెళ్లకూడదంటే, ఇప్పటి పాస్టర్ గారితో చెడి, ఆ గొడవ నుంచి తప్పించుకోవడానికైతే వద్దు. ముందు అది సరిచేసుకోండి. లేదంటే అదే గొడవ వేరే భాషలో మళ్లీ మొదలవుతుంది. మిమ్మల్ని పిలిచినవాళ్లకు కావాల్సింది మనిషా, లేక రిపోర్టుల్లో చూపించడానికి ఒక వేరే మొహమా అన్నది కూడా కనుక్కోండి. ఏడాదిలో ఎంతమందికి బాప్తిస్మం ఇస్తారని మొదటి ఫోన్‌లోనే అడిగితే జాగ్రత్త. మిషనరీ విలియం కేరీ 1793లో మన దేశానికి వచ్చాడు, ఆయన సేవలో మొదటి భారతీయ విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం 1800 డిసెంబరులో గానీ జరగలేదు.

ఇక ఆ పాస్టర్ గారికి జవాబు రాసేటప్పుడు, మీకు సంఘ స్థాపన భారం ఉందన్న సంగతి ఇప్పుడే చెప్పేయండి. దాచిపెట్టి వెళ్లి, తర్వాత కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని బయటికొస్తే దాన్ని జనం గొర్రెల దొంగతనం అంటారు, అనడంలో తప్పు లేదు. ఇతరుల పునాది మీద కట్టనని పౌలు రోమా 15లో రాసింది మనకు కూడా. మీ భారం విని ఆయన మొహం చిట్లిస్తే అది మీకు ఇప్పుడే తెలియడం మంచిది. సంతోషిస్తే, ఏడాది తర్వాత పెద్దలందరితో కూర్చుని ఈ విషయం మళ్లీ మాట్లాడదామని, మధ్యలో మీలో ఏం కనిపించినా మొహం మీదే చెప్పే ఒక పెద్దాయనను చూపించమని అడగండి. ఆయన ఏమన్నారో వీలుంటే ఇక్కడే రాయండి.