పాఠకుల ప్రశ్నలు: ధర్మశాస్త్రాన్ని అక్షరాలా పాటించాలంటే

మోషే ధర్మశాస్త్రంలోని విధులను ఈ కాలంలో ఉన్నదున్నట్టు పాటించడం గురించి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: రెండు రకాల దారాలు కలిసిన బట్ట వేసుకోకూడదని లేవీయకాండం 19:19లో ఉంది. నా చొక్కాలన్నీ కాటన్, పాలిస్టర్ కలిసినవే. అన్నీ తీసేయాలా?

జవాబు: అక్కర్లేదు. ఆ ఒక్క వచనం దగ్గరే ఆగిపోతే ఈ అనుమానం వస్తుంది. ఆ రెండు రకాలేవో ద్వితీయోపదేశకాండం 22:11 పేరుపెట్టి చెబుతోంది: ఉన్ని, నార. యూదుల మౌఖిక ధర్మాలను కూర్చిన గ్రంథం మిష్నా దాన్ని ఇంకా బిగించి, ఉన్ని అంటే గొర్రె ఉన్ని, నార అంటే అవిసె నార అని తేల్చింది. తెలుగు బైబిల్లో ‘జనుపనార’ అని చదివి గోనెసంచి అనుకునేవాళ్లున్నారు. హీబ్రూలో ఉన్న మాట ‘పిష్తీమ్’. అది అవిసె మొక్క నుంచి తీసే నార, మనం లినెన్ అంటున్న బట్ట దానితో నేసిందే. కాబట్టి కాటన్‌తో పాలిస్టర్, కాటన్‌తో ఉన్ని, కాటన్‌తో లినెన్ కలిసినా దోషం లేదు. ఉన్ని, లినెన్ కలిస్తేనే అది ‘షాత్నెజ్’, అంటే వేసుకోకూడని కలయిక.

మీరు చూసుకోవాల్సింది చొక్కాలు కాదు, ఉన్ని కోటు. కాలర్ అడుగున, ఛాతీ దగ్గర బిగువు కోసం లోపల వేసే కాన్వాసులో, భుజాల మెత్తల్లో, గుండీలు కుట్టిన దారంలో లినెన్ దాగి ఉండొచ్చు. ‘నూరు శాతం ఉన్ని’ అన్న లేబుల్ సాధారణంగా పైబట్ట గురించే చెబుతుంది, లోపలి పొరల సంగతి చెప్పదు. ఇంత శాతం లోపు ఉంటే ఫర్వాలేదనే వెసులుబాటు ఈ విధిలో లేదు. ఒక్క దారం ఉన్నా ఉన్నట్టే.

దారం లాగి కాల్చి చూడటం చాలామంది చేసే పరీక్ష. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, నుసి వేళ్ల మధ్య నలుగుతుంది. లినెన్ కాగితంలా భగ్గుమంటుంది. కానీ కాటనూ అలాగే కాలుతుంది! అందుకే ఈ పరీక్షతో ఉన్ని కాదని తెలుస్తుందే గానీ లినెన్ అని తేలదు. తేల్చేది మైక్రోస్కోపే. లినెన్ పోగుకు వెదురు కణుపుల్లాంటి అడ్డగీతలు కనిపిస్తాయి. కాటన్ మెలితిరిగిన రిబ్బనులా, ఉన్ని ఒకదానిపై ఒకటి పరిచిన పొలుసుల్లా ఉంటుంది. యూదులు ఎక్కువగా ఉండే చాలా నగరాల్లో దీనికోసమే పరీక్షా కేంద్రాలున్నాయి. లినెన్ బయటపడినా కోటు పారేయరు. దర్జీ ఆ ముక్కను, ఆ దారాలను పూర్తిగా విప్పి కాటన్ కాన్వాసు వేస్తాడు.

ప్రశ్న: సబ్బాతు రోజున, అంటే శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం రాత్రి ముగిసే విశ్రాంతి దినాన, నిప్పు రాజేయకూడదు (నిర్గమకాండం 35:3), సరే. ఫ్రిజ్ తలుపు తీయడంలో తప్పేముంది?

జవాబు: తప్పు తలుపులో లేదు, తలుపు చేయించే పనుల్లో ఉంది. మొదటిది బల్బు. పాతరకం బల్బులో తీగ ఎర్రగా కాగుతుంది, దాన్ని నిప్పు రాజేయడంగానే లెక్కిస్తారు. ఎల్‌ఈడీలో కాగే తీగ లేదు. అయినా సర్క్యూట్ కలపడం సబ్బాతున చేయకూడదని మిష్నా చెప్పిన 39 పనుల్లో ‘కట్టడం’ కిందికి వస్తుందని కొందరు పండితులు, వేరే కారణాలతో మరికొందరు, అదీ వద్దన్నారు. కారణంలో తేడా ఉంది, ఆచరణలో లేదు. రెండోది మోటారు. తలుపు తీస్తే వెచ్చని గాలి లోపలికి వెళ్లి మోటారు ముందే తిరగడం మొదలెడుతుంది. అందుకే మోటారు తిరుగుతున్నప్పుడే తీయాలని కొందరంటారు. ఇది నేరుగా చేసిన పని కాదు కాబట్టి ఎప్పుడైనా తీయవచ్చని యూదు ధర్మపండితుడు రబ్బీ ష్లోమో జల్మాన్ ఔవర్‌బాఖ్ వంటివారు అనుమతించారు.

శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే తలుపు అంచునున్న చిన్న స్విచ్చిని నొక్కిపెట్టి టేపు అంటించండి. తలుపు మూసే ఉందని ఫ్రిజ్ అనుకుంటుంది. బల్బు ఒక్కటీ తీసేస్తే చాలదు, చాలా ఫ్రిజ్‌లలో తలుపు తెరిస్తే లోపలి ఫ్యాన్ ఆగుతుంది, అలారం మోగుతుంది, బయటి తెర వెలుగుతుంది. ఫ్రీజర్‌కు వేరే స్విచ్చి ఉంటే అదీ చూడాలి, ఎక్కువమంది మర్చిపోయేది దాన్నే. కొత్త మోడళ్లలో కొన్నిటికి వీటన్నిటినీ ఒకేసారి ఆపే సబ్బాతు మోడ్ ఉంటుంది.

ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే మాత్రం ఇవేవీ అడ్డు కావు. ఫోన్ చేయాలి, కారు నడపాలి. లేవీయకాండం 18:5 ఈ విధుల వల్ల మనిషి బతకాలంటోంది, చావమనడం లేదని మిష్నాపై చర్చల గ్రంథం తాల్ముద్ అర్థం చెప్పింది. అలాంటప్పుడు అనుమతి అడుగుతూ ఆలస్యం చేయడమే తప్పు.

ప్రశ్న: మాట వినని కొడుకును రాళ్లతో కొట్టి చంపాలని ద్వితీయోపదేశకాండం 21లో ఉంది. అక్షరాలా అంటే ఇదీనా?

జవాబు: అక్షరాలా చదివినందువల్లే ఇది అమలుకు నోచుకోలేదు. తల్లిదండ్రులు కొడుకును ‘పట్టుకొని’, ఊరి గుమ్మానికి ‘తీసుకొచ్చి’, ‘వీడు మా మాట వినడు’ అని ‘చెప్పాలి’ అంటుంది వచనం. పట్టుకోవాలంటే చెయ్యి లేనివాళ్లు పనికిరారు, తీసుకురావాలంటే కుంటివాళ్లు, చెప్పాలంటే మూగవాళ్లు, ‘వీడు’ అని చూపించాలంటే గుడ్డివాళ్లు పనికిరారని మిష్నా ఒక్కో మాటనూ ఒక షరతుగా మార్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. ‘మా మాట’ అన్నారు కాబట్టి ఇద్దరి గొంతూ, రూపూ, ఎత్తూ ఒక్కటిగా ఉండాలని రబ్బీ యెహూదా అన్నాడు. వయసు 13 దాటాక సుమారు మూడు నెలల గడువే. మొదటిసారి కొరడా దెబ్బలు, మళ్లీ చేస్తేనే 23 మంది న్యాయాధిపతుల ముందు విచారణ. ఇలాంటివాడు ఎన్నడూ లేడు, ఉండబోడని తాల్ముద్‌లోనే ఉంది. తాను అలాంటివాడి సమాధి మీద కూర్చున్నానని రబ్బీ యోనాతాన్ అన్న మాటా పక్కనే ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. కానీ మరణశిక్ష వేసే ఆ న్యాయస్థానాలు దాదాపు రెండు వేల ఏళ్లుగా లేవు. ఈ వచనం చూపించి పిల్లవాడి మీద చెయ్యెత్తే హక్కు ఏ తండ్రికీ, ఏ మతపెద్దకూ లేదు.

ప్రశ్న: పైకప్పుకు పిట్టగోడ ఎంత ఎత్తు కట్టాలి?

జవాబు: ద్వితీయోపదేశకాండం 22:8 పిట్టగోడ కట్టమంది గానీ ఎత్తు చెప్పలేదు. పండితులు పది బెత్తెలన్నారు, అంటే 80 నుంచి 96 సెంటీమీటర్లు. ఎత్తొక్కటే సరిపోదు, మనిషి ఆనుకున్నా కూలని గట్టితనం ఉండాలి. ఎవరూ ఎక్కని ఏటవాలు కప్పుకు అక్కర్లేదు. మూతలేని బావికి మాత్రం ఇదే విధి వర్తిస్తుంది. మీ ఊరి కట్టడాల నిబంధన ఇంతకంటే ఎత్తు అడిగితే ఆ ఎత్తే కట్టండి.