ఇంగ్లిష్ మాట్లాడలేని అమ్మని... నా వల్లే బాబు వెనకబడుతున్నాడా?

ప్రశ్న: మాది విజయవాడ, భవానీపురం. మావారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. బాబుకి నాలుగున్నరేళ్ళు. రెండు వీధుల అవతల ఉన్న చిన్న స్కూల్లో ఎల్‌కేజీ చదువుతున్నాడు. మా తోడికోడలి కొడుకుదీ ఇదే వయసు. పోరంకి వైపు పెద్ద స్కూల్లో వేశారు. వాడు వంద దాకా రాస్తాడు, ఇంగ్లిష్‌లో రైమ్స్ చెప్తాడు. మావాడు పెన్సిల్ పట్టుకోమంటేనే ఏడుస్తాడు. అత్తగారు అందరి ముందూ వాణ్ణి ‘మొద్దబ్బాయి’ అంటారు. జూన్‌లో యూకేజీకి ఆ పెద్ద స్కూల్లోనే వేద్దామని మావారి పట్టుదల. ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా కలిసొస్తుందంటున్నారు. బస్సు మాత్రం పొద్దున ఏడింటికే వస్తుంది. నేను తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివాను. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడలేను. నా వల్లే వాడు వెనకబడుతున్నాడేమోనని ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆఖరి మాటకే ముందు జవాబు చెప్తాను. మీ వల్ల బాబు వెనకబడటం లేదు. అసలు వెనకబడ్డాడనడానికి మీ ఉత్తరంలో నాకు ఆధారమే కనపడలేదు. పెన్సిల్ పట్టుకోనంటాడని రాశారు గానీ, రోజంతా ఏం మాట్లాడతాడో, ఏం అడుగుతాడో, దేంతో ఆడుకుంటాడో ఒక్క ముక్క రాయలేదు. ఈ వయసులో ముందు చూడాల్సింది అదే.

స్కూల్లో జరిగింది ఇంటికొచ్చి వరసగా చెప్పగలుగుతున్నాడా? ‘ఎందుకు?’ అని విసిగిస్తున్నాడా? కథ మధ్యలో ఆపితే తర్వాతేమైందని అడుగుతున్నాడా? అడుగుతుంటే చదువుకి కావలసిన పునాది పడుతోందన్నమాటే. ఆ పునాది తెలుగులో పడినా ఇంగ్లిష్‌కి పనికొస్తుంది. మాట వినడం, అర్థం చేసుకోవడం, తన మాటల్లో తిరిగి చెప్పడం ఒక భాషలో గట్టిపడితే రెండో భాష దానిమీద నిలబడుతుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశగా పెట్టింది. దాని ప్రకారం 2022లో వచ్చిన, ఏం నేర్పాలో ఎలా నేర్పాలో చెప్పే పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఈ వయసు పిల్లలకి ఇంటి భాషలో, ఆటపాటలతో నేర్పమనే చెప్పింది. కాబట్టి వచ్చీరాని ఇంగ్లిష్‌లో ‘కమ్, సిట్, ఈట్’ అనే బదులు మీకు బాగా వచ్చిన తెలుగులో వాడితో తనివితీరా మాట్లాడండి. సాయంత్రం పున్నమి ఘాట్ దాకా తీసుకెళ్ళి పడవలు చూపించండి. ఏం చూశాడో రాత్రి నాన్నకి వాడినే చెప్పమనండి. పడుకునే ముందు ఒక బొమ్మల పుస్తకం చదివి వినిపించండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి తెలుగులో తక్కువ ధరకే దొరుకుతాయి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతికితే ఇంకా చవక.

ఇక పెన్సిల్ సంగతి. నాలుగున్నరేళ్ళకి వేళ్ళలో, మణికట్టులో ఇంకా పట్టు వస్తూనే ఉంటుంది. ఆ లోపే పేజీలకు పేజీలు రాయిస్తే ఏడవక ఏం చేస్తాడు? చపాతీ పిండి ముద్ద వాడి చేతికివ్వండి. చిక్కుడుకాయలు ఈనె తీయమనండి, తీగ మీద బట్టలకి క్లిప్పులు పెట్టించండి, గచ్చు మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద గీతలు గీయనివ్వండి. రాతకి కావలసిన బలం ఈ పనుల్లోనే వస్తుంది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది, ప్రీ ప్రైమరీ పిల్లలకి బ్యాగే ఉండకూడదంది. మన ఊళ్ళో ఎల్‌కేజీ పిల్లల వీపు మీద బరువు చూస్తే నాకు బాధేస్తుంది.

తోడికోడలి కొడుకు వంద దాకా రాయడం మంచిదే. కానీ అంకెలు వరసగా అప్పజెప్పడం వేరు, లెక్క తెలియడం వేరు. మీవాడి ముందు టమాటాల బుట్ట పెట్టి ‘నాకు ఏడు ఇవ్వు నాన్నా’ అనండి. ఒక్కొక్కటే తీసి ఏడో దాని దగ్గర ఆగాడా, వాడికి ఏడంటే తెలుసు. ఆగకుండా బుట్టంతా ఖాళీ చేసినా కంగారు పడొద్దు, రేపు మూడుతో మొదలుపెట్టండి.

స్కూలు మార్చొద్దనే నా సలహా, కనీసం ఈ ఏడాదికి. భవానీపురం నుంచి పోరంకి అంటే ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకి. దుర్గ గుడి ఫ్లైఓవర్ దాటి, బందరు రోడ్డు పట్టుకుని, బెంజ్ సర్కిల్ మీదుగా పోవాలి. ఏడింటి బస్సుకి ఆరింటికే లేపాలి. నిద్ర చాలక, సగం తిన్న ఇడ్లీతో వెళ్ళిన పిల్లాడి చెవికి ఏ పాఠం ఎక్కుతుంది? తొందరా లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికే మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలంటారు.

అలాగని చిన్న స్కూలు కాబట్టి మంచిదని నేననను. గుర్తింపు ఉందో లేదో అడగండి, గుర్తింపున్న ప్రతి స్కూలుకీ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ నంబరు ఉంటుంది. బాత్రూమ్ మీ కళ్ళతో చూడండి. పిల్లల నోట్‌బుక్స్ తిరగేయండి. అందరివీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే టీచరే చెయ్యి పట్టి రాయిస్తోందని అర్థం. వదిలే టైముకి గేటు దగ్గర నిలబడి పిల్లల మొహాలు గమనించండి. కొడతారని తెలిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, దగ్గర్లోనే ఇంకొకటి చూసుకోండి.

మీవారితో వాదనకి దిగకండి. ఆయన పట్టుదల వెనక ఉన్నది కొడుకు మీద ప్రేమే. ఒక పనిరోజు షాపు ఆలస్యంగా తెరవమని ఇద్దరూ కలిసి రెండు స్కూళ్ళూ చూసి రండి. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. మీవారు చెప్పే ప్రభుత్వ డబ్బు, అంటే తల్లికి వందనం, 2025 జూన్‌లో మొదటిసారి వేసినప్పుడు రూ. 15,000లో రూ. 2,000 పోను రూ. 13,000 వచ్చాయి కదా, అది ఒకటో తరగతి నుంచే. యూకేజీకి రాదు. ఆ లెక్క ఆయనకి తెలియాలి.

అత్తగారికి చెప్పాల్సిన మాట కూడా ఆయన చేతే చెప్పించండి, అది కోడలు చెప్తే గొడవవుతుంది, కొడుకు చెప్తే వింటారు. బాబు ఎదురుగా ‘మొద్దబ్బాయి’ అని ఇంకెవ్వరూ అనకూడదు. అందరూ మొద్దన్న పిల్లాడు కొన్నాళ్ళకి ప్రయత్నించడమే మానేస్తాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. వాడి మాట బయటివాళ్ళకి అర్థం కాకపోయినా, వెనక నుంచి పిలిస్తే పలక్కపోయినా, టీవీకి మరీ దగ్గరగా వెళ్ళి చూస్తున్నా, తోటిపిల్లలతో అస్సలు కలవకపోయినా పిల్లల డాక్టరుకి చూపించి చెవి, కంటి పరీక్షలు చేయించండి. జూన్ దాకా ఆగకుండా ఈ వారమే వెళ్ళండి.