కోస్ట్‌గార్డ్ వాళ్లు బోటు ఎక్కినప్పుడు: అల్లుడికి ఒక ఉత్తరం

తిరుపతి

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఆదివారం పూట పెళ్లాంబిడ్డల్ని తీసుకుని అమెరికాలో చెసపీక్ బే అనే అఖాతంలో తిరుగుతుంటే కోస్ట్‌గార్డ్ (తీరరక్షక దళం) వాళ్లు ఆపి, బోటు ఎక్కి, అరగంట సేపు అన్నీ తీయించి చూశారన్నావు. వాళ్ల నడుముకున్న తుపాకులు చూసి చిన్నది ఏడ్చిందన్నావు. "నేనేం తప్పు చేశాను మామయ్యా, ఏ అనుమానంతో నా బోటు ఎక్కారు?" అని అడిగావు. ఇది ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను. బాల్టిమోర్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ నీళ్లలోనే బోటు నడిపాను, వాళ్లు నా బోటూ ఎక్కారు. కాబట్టి నా మాట కాస్త ఓపిగ్గా చదువు.

ముందు నీ ప్రశ్నకు జవాబు చెబుతాను. వాళ్లకు అనుమానం అక్కర్లేదు. వారెంటూ అక్కర్లేదు. అమెరికా కోస్ట్‌గార్డ్‌కు చట్టం ఇచ్చిన అధికారం అది. 1790లో వాళ్ల మొదటి కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, పన్ను ఎగ్గొట్టే ఓడల్ని పట్టుకోవడానికి చిన్న ఓడల దళం పెట్టినప్పుడే, ఓడ ఎక్కి చూసే హక్కు కూడా ఇచ్చింది. ఇప్పటి కోస్ట్‌గార్డ్ ఆ దళం నుంచే వచ్చింది. రోడ్డు మీద మాత్రం అలా కుదరదు. ఏ కారణమూ లేకుండా పోలీసులు ఎవరి కారు పడితే వాళ్ల కారు ఆపకూడదని 1979లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 1983లో, లూసియానాలో ఒక సెయిల్ బోటు కేసు వచ్చినప్పుడు, నీళ్ల మీద కాగితాలు చూడడానికి అనుమానం లేకపోయినా ఎక్కవచ్చని తీర్పు ఇచ్చింది. జడ్జీలందరూ ఒప్పుకోలేదు, కానీ చట్టం మాత్రం అదే.

ఆ తీర్పు వెనకున్న ఆలోచన నీకు తెలిసినదాంతోనే చెబుతాను. కొండకు కారులో వెళ్తే అలిపిరి దగ్గర అందరూ దిగాల్సిందే, సంచులు మిషన్లో పెట్టాల్సిందే. మీ నాన్న కారైనా, మంత్రి కారైనా ఆ గేటు దాటే పోవాలి. అక్కడ మనల్ని అనుమానించారని ఎవరూ బాధపడరు, ఎందుకంటే ముందున్న కారునూ చూశారు, వెనకున్న కారునూ చూస్తారు. కొండకు పోయే దారి ఒక్కటే కాబట్టి గేటు పెట్టడం కుదిరింది. సముద్రంలో దారీ లేదు, గేటూ లేదు. అందుకే అక్కడ గేటే మన దగ్గరికి వస్తుంది. వచ్చినప్పుడు చుట్టూ పది బోట్లుంటే మన ఒక్కదాన్నే ఎంచుకున్నట్టు కనిపిస్తుంది. నీ మనసు నొచ్చుకున్నది అక్కడే అని నా అభిప్రాయం.

నీ కోపం తప్పని నేను అనను. మెరీనాలో (బోట్లు కట్టేసే రేవులో) బోట్లవాళ్లు దీని గురించి మాట్లాడుకునేటప్పుడు ఎప్పుడూ రెండు జట్లుగా ఉండేవారు. బోటులో వంట చేసుకుని, అందులోనే పడుకునేవాళ్లుంటారు. వాళ్లకది ఇల్లు. ఇంట్లోకి చెప్పాపెట్టకుండా తుపాకీతో మనుషులు వస్తే ఎలా ఉంటుందని వాళ్లు అడిగేవారు. ఒకే సీజన్లో మళ్లీ మళ్లీ ఎక్కారని, నల్ల బూట్లతో తెల్లటి డెక్ మీద గీతలు పెట్టారని, అలలు ఎక్కువగా ఉన్నప్పుడు పక్కకు వచ్చి బోటును గుద్దారని ఫిర్యాదులుండేవి. రెండో జట్టువాళ్లు, రాత్రిపూట ఇంజిన్ ఆగిపోయి రేడియోలో పిలిస్తే వచ్చేది కూడా ఈ కుర్రాళ్లే కదా అనేవారు. నాకు రెండు వాదనలూ సబబుగానే కనిపిస్తాయి. లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండర్ చూడడానికి ఎక్కితే నేను సంతోషంగా చూపిస్తాను. భద్రత పేరు చెప్పి ఎక్కి, ఇంకేదో దొరుకుతుందేమోనని వెతకడం నాకు నచ్చదు. ఆ సందర్భంలో బోటువాడు నొచ్చుకోవడం న్యాయమే.

ఈ విషయం ఆ దళాన్ని పెట్టించిన మనిషికే మొదట్లో తెలుసు. అప్పటి అమెరికా ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791లో తన ఓడల కెప్టెన్లకు రాసిన ఉత్తర్వుల్లో, మీరు ఆపేవాళ్లు స్వతంత్రులైన మీ దేశస్థులే, పెత్తనం చూపిస్తే వాళ్లు సహించరు, గర్వం చూపించకండి అని హెచ్చరించాడు. బోటు ఎక్కి చూడడానికి వచ్చిన కుర్రాడు మర్యాదగా మాట్లాడితే అది మనకు చేసిన మేలు కాదు, వాళ్ల ఉద్యోగంలో మొదటినుంచీ ఉన్న బాధ్యత.

సరే, ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. అరగంట ఎందుకు పట్టిందో నీ మాటల్లోనే దొరికింది. పిల్లల జాకెట్లు ముందు సీటు కింద, వాటి మీద ఐస్ బాక్స్, ఫ్లేర్లు (ఆపదలో వెలిగించే సంకేతాలు) ఎక్కడున్నాయో దివ్యకు తెలియదు, రిజిస్ట్రేషన్ కాగితం కారులో ఉంది. వాళ్లు వెతకలేదు నాయనా, నువ్వు వెతుకుతుంటే వాళ్లు నిలబడి చూశారు. అన్నీ చేతికందేలా ఉంటే పది, పదిహేను నిమిషాల్లో అయిపోయే పని అది.

జాకెట్ల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఏమనుకోకు. మనిషికొకటి చొప్పున ఉంటే సరిపోదు, ఆ మనిషికి సరిపోయే సైజు ఉండాలి. అక్కడి కేంద్ర ప్రభుత్వ రూలు ప్రకారం పదమూడేళ్ల లోపు పిల్లలు బోటు కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. రాష్ట్రం రూలు కాస్త వేరుగా ఉన్నా నువ్వు దీన్నే పాటించు. డెక్ కిందో, మూసిన క్యాబిన్లోనో ఉంటే తప్ప మినహాయింపు లేదు, నీ బోటుకు క్యాబినే లేదు. నువ్వు నడుముకు కట్టుకునే గాలి నిండే రకం కొన్నావు కదా, అలాంటివి చాలావరకు కట్టుకుంటేనే లెక్క, లేబుల్ మీద చూడు. సీటు మీద పడేస్తే జాకెట్ లేనట్టే రాయవచ్చు. దాని గ్యాస్ సిలిండర్ వదులైందేమో అప్పుడప్పుడు తిప్పి చూడు. వీటితోపాటు నీళ్లలోకి విసిరే కుషనో, రింగో ఒకటి చేతికందేలా ఉండాలి. పదహారడుగులు దాటిన బోటుకు అది తప్పనిసరి, నీది ఇరవై రెండు.

ఎందుకింత చెబుతున్నానంటే, 2023లో అమెరికాలో సరదా బోట్ల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారని కోస్ట్‌గార్డ్ లెక్క. వాళ్లలో నలుగురికి ముగ్గురు మునిగి చనిపోయారు. మునిగినవాళ్లలో నూటికి 87 మంది జాకెట్ వేసుకోలేదు. మన దగ్గరైతే ఇంత లెక్క కూడా అక్కర్లేదు. 2017 నవంబరులో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు తిరగబడింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర డెబ్బై మందికి పైగా ఉన్న బోటు మునిగింది. ఆ రెండుసార్లూ టీవీ ముందు కూర్చుని మీ అత్త ఏడుస్తూనే ఉంది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. బోటు రేవు వదిలిన పది నిమిషాలకు యూనిఫాంలో ఎవరో ఒకరు ఎదురొచ్చి, ఎంతమంది ఎక్కారు, జాకెట్లు ఎవరేసుకున్నారు అని అడిగి వెనక్కి పంపి ఉంటే ఎన్ని ఇళ్లు నిలబడేవి! అప్పుడు ఆ ప్రయాణికులు కూడా విసుక్కునేవాళ్లేమో. విసుక్కుంటూ ఇంటికి చేరేవాళ్లు.

మిగతావి త్వరగా చెబుతాను. మంటలార్పే సిలిండర్ ఒకసారి వాడి పారేసే రకమైతే, తయారైన ఏడాది నుంచి పన్నెండేళ్లే పనికొస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ రూలు అమల్లో ఉంది. తయారైన సంవత్సరం సిలిండర్ అడుగునో, పక్కనో అచ్చు వేసి ఉంటుంది. నువ్వు పాత బోటు కొన్నావు కాబట్టి ముందు అదే చూడు. ఫ్లేర్ల గడువు మూడున్నరేళ్లు, చెసపీక్‌లో పగలూ రాత్రీ ఉండాల్సిందే. ఈల గానీ హారన్ గానీ ఒకటి ఉండాలి. సాయంత్రం ఆలస్యమైతే లైట్లు వెలగాలి, రేవులో ఉండగానే వేసి చూసుకో. నడిపేవాడు పడిపోతే ఇంజిన్‌ను ఆపేసే కిల్ స్విచ్ తాడు 2021 ఏప్రిల్ నుంచి చట్టం. నీ బోటులో ఆ స్విచ్ ఉంటే, వేగంగా పోతున్నప్పుడు తాడు నీ ఒంటికి తగిలించుకునే నడపాలి. బోటు పక్కన నంబర్లు మూడంగుళాలకు తగ్గకుండా, దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. మేరీల్యాండ్‌లో 1972 జూలై 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బోటింగ్ కోర్సు సర్టిఫికెట్ కావాలి. దాన్నీ, రిజిస్ట్రేషన్‌నీ కలిపి తడవని సంచిలో పెట్టి స్టీరింగ్ దగ్గరే ఉంచు.

నువ్వు తప్పకుండా చెయ్యాల్సింది ఒకటుంది. కోస్ట్‌గార్డ్ ఆగ్జిలరీ అని స్వచ్ఛంద సేవకులుంటారు. పిలిస్తే మెరీనాకే వచ్చి, పైసా తీసుకోకుండా బోటంతా చూస్తారు. తక్కువైనది చెబుతారు, ఫైన్ వెయ్యరు, పైకి రిపోర్టు చెయ్యరు. అన్నీ సరిగ్గా ఉంటే ఆ ఏడాది స్టిక్కర్ అంటిస్తారు. స్టిక్కర్ ఉంటే అసలు ఆపరని కొందరంటారు, అది నమ్మకు, ఆపవచ్చు. కానీ నీ మనసులో టెన్షన్ ఉండదు. నేను ప్రతి సీజన్ మొదట్లో వాళ్లను పిలిపించుకునేవాణ్ణి.

ఇక వాళ్లు ఎక్కే సమయం. నీలం లైటు కనిపిస్తే వేగం తగ్గించు, రేడియో 16వ ఛానల్ విను. ఆగమన్నారా, అదే దిశలో మెల్లగా పొమ్మన్నారా సరిగ్గా వినుకో, నీ అంతట నువ్వు ఇంజిన్ ఆపెయ్యకు. ఆయుధాలున్నాయా అని ముందే అడుగుతారు, అందరినీ అడిగే మాటే అది. చేతులు కనిపించేలా ఉండు. జాకెట్ తీద్దామనైనా సరే, చెప్పకుండా సీటు కిందికి చెయ్యి పెట్టకు. "అది అక్కడుంది, తియ్యమంటారా?" అని అడిగి తియ్యి. అడిగినదానికి నిజం చెప్పు, పొట్టిగా చెప్పు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అధికారికి అబద్ధం చెప్పడమే ఒక నేరం అక్కడ. స్టీరింగ్ పట్టేవాడు ఆ రోజు బీరు ముట్టకూడదు. రక్తంలో ఆల్కహాల్‌కు కారు నడిపేవాళ్లకున్న 0.08 శాతం హద్దే బోటుకూ ఉంది.

అక్కడ వాదించవద్దు కార్తీక్. చట్టం నీ వైపు లేదన్న ఒక్క కారణంతో చెప్పడం లేదు. కదిలే నీళ్ల మీద రెండు బోట్లు ఆనుకుని ఉన్నాయి, మధ్యలో నీ పిల్లలున్నారు. గొంతులు పెంచే చోటు కాదది. అయిపోయాక ఒక ఫారం ఇస్తారు, 4100 నంబరుది. అందులో లోపం రాశారంటే అక్కడికక్కడే డబ్బు కట్టమని కాదు. ఎక్కువ కేసులు జరిమానా సంగతి తేల్చే హియరింగ్ ఆఫీసరుకు వెళ్తాయి. ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చాక నీ వైపు మాట రాసి పంపవచ్చు, ఫోటోలు పెట్టవచ్చు. ఎవరైనా నీతో మర్యాద తప్పారనుకుంటే తేదీ, టైము, చోటు ఇంటికి రాగానే రాసిపెట్టుకుని వాళ్ల స్టేషన్‌కు ఫిర్యాదు చెయ్యి. మొహమాటపడకు, అది నీ హక్కు. ఆ ఫారం పారెయ్యకు. మళ్లీ త్వరలో ఆపితే చూపించు, ఒక్కోసారి దాన్ని చూసి ఎక్కకుండానే పంపేస్తారు. తప్పకుండా పంపాలన్న రూలు మాత్రం లేదు.

చిన్నదాని సంగతి నన్ను అన్నిటికంటే కలచింది. వచ్చే ఆదివారం బయల్దేరే ముందు దాన్ని కూర్చోబెట్టి చెప్పు. యూనిఫాం వాళ్లు వస్తే నాన్నను తిట్టడానికి కాదు, నీ జాకెట్ సరిగ్గా ఉందో లేదో చూడడానికి వస్తారని చెప్పు. జాకెట్ చూపించే పని దానికే అప్పగించు. ఈసారి వాళ్లు వస్తే అదే ముందుకొస్తుంది చూడు. నువ్వు ఇంటికొచ్చాక దాని ముందు వాళ్లను తిడితే మాత్రం ఆ భయం పోదు. రేపు నిజంగా ఆపదొచ్చి వాళ్లు తాడు విసిరినప్పుడు ఆ పిల్ల చెయ్యి చాచాలి కదా.

శనివారం తీరిక చేసుకుని సిలిండర్ మీద సంవత్సరం, ఫ్లేర్ల మీద గడువు, పిల్లల జాకెట్ల లోపలి లేబుల్ ఫోటోలు తీసి నాకు పంపు. బరువుకు సరిపోతాయో లేదో నేను చూసి చెబుతాను. మీ అమ్మకు ఈ సంగతి నేనింకా చెప్పలేదు. నువ్వే ఫోన్ చేసి చెప్పు, అందరం బాగున్నామన్న మాట ముందు చెప్పి తర్వాత మిగతాది చెప్పు.

దివ్యకు, పిల్లలకు మా ఆశీస్సులు.

మీ మామయ్య