ఒప్పందానికి ఎవరి ఆమోదం కావాలి?

ప్రశ్న: విదేశాలతో ఒప్పందం చేసుకుంటే మన పార్లమెంటు ఓటు వేయాలా? అమెరికాలో ఎలా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మన దగ్గర అక్కర్లేదండీ. ఒప్పందాలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో (కేంద్రం పరిధిలోని అంశాల పట్టికలో) 14వ అంశం, కాబట్టి కేంద్ర మంత్రివర్గం ఆమోదిస్తే సరిపోతుంది. అమలుకు కొత్త చట్టం కావాలంటేనే 253వ అధికరణ కింద పార్లమెంటుకు వెళ్లాలి. భూభాగం వదులుకోవాలంటే మాత్రం రాజ్యాంగ సవరణే దారి. బంగ్లాదేశ్‌తో భూసరిహద్దు ఒప్పందానికి 2015లో 100వ సవరణ చేసింది అందుకే.

అమెరికాలో ట్రీటీకి (లాంఛనమైన ఒప్పందానికి) పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో హాజరైనవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అది కష్టం గనుక అధ్యక్షులు తరచూ కార్యనిర్వాహక ఒప్పందాలతో, అంటే సెనేట్‌లో ఆ ఓటు లేకుండా చేసుకునేవాటితో, పని కానిస్తారు. వాటిని తర్వాతి అధ్యక్షుడు సులువుగా వదిలేయగలడు. పారిస్ వాతావరణ ఒప్పందం గతి అదే.

రెండు దేశాల తీరూ ఒకేచోట కనిపించేది 2008 భారత్–అమెరికా పౌర అణు ఒప్పందంలో. అమెరికా సెనేట్ 86–13తో ఆమోదించింది. ఇక్కడ ఒప్పందంపై ఓటింగే లేదు; దాన్ని వ్యతిరేకించిన వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకోవడంతో జరిగిన విశ్వాస పరీక్షలో ప్రభుత్వం 275–256తో గట్టెక్కింది. చిక్కు ఆ తర్వాత వచ్చింది. 2010 అణు బాధ్యత చట్టం సెక్షన్ 17 ప్రమాదంలో సరఫరాదారును కూడా బాధ్యుణ్ణి చేసే వీలు కల్పించడంతో అమెరికా కంపెనీలు వెనకాడాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా రియాక్టర్లతో తలపెట్టిన అణు విద్యుత్ ప్రాజెక్టు ఏళ్ల తరబడి కదలకపోవడానికి అదొక ముఖ్య కారణం. సంతకానికి ముందే పార్లమెంటులో వివరమైన చర్చ జరగాలని మేం గట్టిగా అనేది ఇందుకే.

స్విట్జర్లాండ్‌లోనైతే 100 రోజుల్లో 50,000 సంతకాలు సేకరిస్తే చాలు, ముఖ్యమైన ఒప్పందాలపై ప్రజలే ఓటు వేస్తారు. ఇండోనేషియాతో వాణిజ్య ఒప్పందం 2021లో అలాగే నెగ్గింది.