పట్టాలు మారే చోట దిగినవాళ్లు

తిరుపతి

పాపా,

నువ్వు పంపిన తిరుపతి రైల్వే స్టేషన్ చరిత్ర రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆపకుండా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కాగితాల నిండా గీతలున్నాయని బెంబేలు పడొద్దు. మన ఊరి స్టేషన్ గురించి ఇరవై పేజీలు రాయాలని ఈ వయసులో నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. అందుకే దాచకుండా చెబుతున్నాను.

ముందు తప్పుల సంగతి. రైలు తొలిరోజుల గురించి రాస్తూ "చిత్తూరు జిల్లాలోని తిరుపతి" అన్నావు. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లా చంద్రగిరి తాలూకాలో ఉండేది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లావి. ఇది పరీక్షలో మార్కు పోయేలాంటి తప్పని చెప్పడం లేదు. ఇది తెలియకపోతే నువ్వు వెతకాల్సిన కాగితం నీకు దొరకదు. చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు వెళ్లి ఆ కాలానికి చిత్తూరు జిల్లా దస్త్రాలు అడిగితే ఎక్కడి నుంచి తెచ్చిస్తారు? ఉత్తర ఆర్కాటు అని అడగాలి, పాకాల దాటి పైకి పోయే లైనుకైతే కడప కూడా అడగాలి. మన స్టేషన్ ఉన్న గుంతకల్లు డివిజన్ దక్షిణ మధ్య రైల్వేలో కలిసింది 1977లో. కాబట్టి అంతకుముందు సంగతులకు మద్రాసు వైపు, తర్వాతవాటికి సికింద్రాబాద్ వైపు చూడు.

రెండోది, రైలు దిగిన మొదటితరం యాత్రికులను "దేవస్థానం వారి సత్రాలకు" పంపావు. టి.టి.డి. వచ్చింది 1932 చట్టంతో. 1843 నుంచి అప్పటిదాకా కొండ వ్యవహారం హథీరాంజీ మఠం మహంతులది. కొండకు బస్సు కూడా ఎక్కించావు. మొదటి ఘాట్ రోడ్డు తెరిచిందే 1944లో. అంతకుముందు స్టేషన్‌లో దిగిన మనిషికి కొండెక్కాలంటే కాళ్లు, లేదంటే డోలీ. 1911, 1932, 1944, ఈ మూడు తేదీలూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకో. నువ్వు రాసే ప్రతి వాక్యంలోని మనిషి వీటిలో దేనికి ముందున్నాడో, దేనికి తర్వాత ఉన్నాడో చూసుకున్నాకే అతన్ని ప్లాట్‌ఫాం మీద దించు.

ఇక అసలు మాట. నీ ఇరవై పేజీల్లో బండ్లున్నాయి, మనుషులు లేరు. ప్రారంభోత్సవంతో మొదలుపెట్టి 2023 ఏప్రిల్‌లో వచ్చిన వందే భారత్‌తో ముగించావు. మధ్యలో అన్నీ ఇంజన్లు, ప్లాట్‌ఫాంలు. స్టేషన్ చరిత్ర అంటే అక్కడ ఎవరు దిగారు, ఎందుకు దిగాల్సి వచ్చింది అన్నదే అని నేను నమ్ముతాను. ఆ "ఎందుకు" మన ప్రాంతంలో పట్టాల వెడల్పులో ఉంది.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన గేజ్ సంగతి చూడు. మద్రాసు రైల్వే వాళ్ల పెద్ద లైను అరక్కోణం నుంచి రేణిగుంట మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. అది బ్రాడ్ గేజ్, పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం దాకా 1891లో తెరిచిన సౌత్ ఇండియన్ రైల్వే లైను మీటర్ గేజ్, 1,000 మిల్లీమీటర్లు. పాకాల నుంచి తిరుపతి, రేణిగుంట, కాళహస్తి మీదుగా గూడూరు పోయిందీ మీటర్ గేజే. రెండింటికీ తేడా మూరన్నర. బొంబాయి నుంచో మద్రాసు నుంచో పెద్దబండిలో వచ్చినవాడు ఆ మూరన్నర వల్ల రేణిగుంటలో దిగి తీరాలి. కొండ కనిపిస్తూనే ఉంటుంది, బండి మాత్రం ముందుకు పోదు. పిల్లల్ని లేపుకుని, ట్రంకు పెట్టె కూలీ తలకెత్తి, ముసలమ్మను చెయ్యి పట్టి దించి, చిన్నబండి ఎక్కాలి. సరుకూ అంతే. ఈ వ్యాగను నుంచి ఆ వ్యాగనుకు బస్తాలు మనుషుల వీపుల మీదే మారాలి. ఆ మూరన్నర ఎడం ఎందరు కూలీల ఇళ్లలో పొయ్యి వెలిగించిందో, ఎన్ని టీ అంగళ్లను నిలబెట్టిందో నువ్వు రాయాలి. గేజ్ మారాక ఆ పొయ్యిలు ఏమయ్యాయన్నది కూడా నువ్వే రాయాలి. తిరుపతి నుంచి పాకాల మీదుగా కాట్పాడి దాకా ఉన్న 104 కిలోమీటర్లు 2002లో బ్రాడ్ గేజ్ అయ్యాయి. పాకాల–ధర్మవరం 2010కి గానీ కాలేదు. ఆ పనులు సాగినన్నాళ్లూ రైలు లేక జనం బస్సులకు అలవాటు పడిపోయారు. రైలు మళ్లీ వచ్చినా, పోయినవాళ్లందరూ తిరిగి రాలేదు.

నాకు ఇది పుస్తకాల్లో తెలిసింది కాదు. మా అమ్మ పుట్టిల్లు మదనపల్లె దగ్గర పల్లె. ఎండాకాలం సెలవులకు తిరుపతిలో ఎక్కి పాకాలలో దిగేవాళ్లం. ధర్మవరం ప్యాసింజరు వచ్చేదాకా ఆ ప్లాట్‌ఫాం మీదే మా సంసారం. అమ్మ విస్తరాకు పొట్లం విప్పి చిత్రాన్నం పెట్టేది. బండి అవతలి స్టేషన్‌లో బయల్దేరిందంటే, వేలాడదీసిన పట్టా ముక్క మీద పోర్టరు ఇనుప కడ్డీతో కొట్టేవాడు. ఆ మోత చెవిలో కాదు, పళ్లలో తెలిసేది. అప్పటిదాకా నిద్రపోతున్న ప్లాట్‌ఫాం అంతా ఒక్కసారి మూటలు కట్టుకునేది. దామలచెరువు దాటితే మామిడితోటలు. పీలేరు, కలికిరి, వాయల్పాడు. చివరికి మదనపల్లె రోడ్. "రోడ్" అని పేరులో ఉందంటే ఊరు అక్కడ లేదని అర్థం, రోడ్డు పట్టుకుని ఇంకా పోవాలి. స్టేషన్ ఊరికి దూరంగా ఎందుకు పడిందన్న ఒక్క ప్రశ్న పట్టుకున్నా నీకు ఒక అధ్యాయం దొరుకుతుంది.

ఆ ప్రయాణం మీద నేను రాసిన మొదటి వ్యాసం ఒక పత్రికలో వచ్చింది. పాకాల దాటాక ఒక గుట్ట దగ్గర బండి ఎడమకు తిరుగుతుందని అందులో రాశాను. వారానికి ఒక పోస్టుకార్డు వచ్చింది. రాసింది రిటైరైన కీమ్యాన్. "అయ్యా, అక్కడ పట్టా కుడికి తిరుగుతుంది. ముప్పై ఏళ్లు నడిచినాను" అని రెండే వాక్యాలు. కీమ్యాన్ అంటే రోజూ తన పరిధిలోని మైళ్లు పట్టా వెంబడి నడిచి, పట్టాను పట్టి ఉంచే ఇనుప చీలలు వదులైతే సుత్తితో బిగించే మనిషి. నేను కిటికీలోంచి చూసి రాశాను, ఆయన పాదాలతో చూశాడు. ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నాను. ఎండ ఎక్కువైతే పట్టా ఎలా సాగుతుందో, వానాకాలం ఏ కల్వర్టు దగ్గర గుండె గుబగుబలాడేదో చెప్పాడు. ఆ సాయంత్రం లేకపోతే నేను రచయితనయ్యేవాణ్ని కాదు. నువ్వూ అలాంటి మనిషిని వెతుక్కో. పాకాలలో, రేణిగుంటలో రిటైరైనవాళ్ల ఇళ్లు ఇంకా ఉన్నాయి. ప్రశ్నల పట్టిక పట్టుకుని పోవద్దు. "మీ డ్యూటీ ఎన్నింటికి మొదలయ్యేది?" అని ఒక్కటి అడుగు, మిగతాది వాళ్లే చెప్తారు.

స్వామి ఎవరో దొరకు కలలో కనబడి స్టేషన్ ఇక్కడే కట్టమన్నాడని రాసిన పేరా ఉంది కదా, దాన్ని తీసెయ్యమని చెప్పను. కానీ జరిగినట్టు రాశావు, అది కుదరదు. ఎవరు చెప్పారు, ఎక్కడ కూర్చుని చెప్పారు, చెప్తున్నప్పుడు చేతులు జోడించారా? అవి రాయి. అప్పుడది ఈ ఊరు తన స్టేషన్‌ను ఎలా చూసుకుందో చెప్పే సాక్ష్యమవుతుంది.

"ధూమశకటం" రెండుచోట్ల వాడావు, కొట్టేశాను. స్టేషన్ మాస్టరు, లైన్ క్లియర్, గ్యాంగ్, టోకెన్, ఇవన్నీ ఇప్పుడు తెలుగు మాటలే. వాటితో బతికినవాళ్లు మనవాళ్లు.

ఇప్పుడు తిరుపతి స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు. అందుకని తొందర పెడుతున్నాను. ఈ నెలలోనే ఒక రోజు పొద్దున్నుంచి రాత్రిదాకా అక్కడే ఉండు. గుండ్లతో వచ్చి వెనక్కి పోయే బండి కోసం కూర్చున్నవాళ్లు, ఇంకా గుండు కాని తలలతో దిగుతున్నవాళ్లు ఒకే మెట్ల మీద ఎదురుపడతారు. గోవిందరాజస్వామి గుడి వైపు ఎవరు నడుస్తారో, నేరుగా బస్సుకు ఎవరు పరిగెడతారో చూసి రాసుకో. తర్వాత పాకాలకు ప్యాసింజరు ఎక్కు, చంద్రగిరి మీదుగా.

ఈ కవరులో ఒక అట్ట టికెట్ పెట్టాను. పాకాల నుంచి మదనపల్లె రోడ్, మూడో తరగతి. దిగేచోట గేటు దగ్గర ఇచ్చేయాల్సింది, కానీ ఆ రోజు తీసుకునేవాళ్లు లేక అమ్మ తమలపాకుల డబ్బాలో మిగిలిపోయింది. తేదీ అచ్చు కొట్టిన చోట వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తుంది. ఒక చివర మీద సున్నం మరక ఉంది, దాన్ని తుడవకు. మళ్లీ రాసినప్పుడు పేజీలతో పాటు టికెట్టూ పట్టుకుని ఇంటికి రా.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన